నిలబెట్టి ఉండేవాళ్ళం

పల్లంరేవు కరెంటాఫీసులో ఫిర్యాదులకు జవాబు రాయడం మొదటినుంచీ ఆనవాయితీ. ఆ ఒక్క విషయంలో ఆ ఆఫీసుని ఎవరూ వేలెత్తి చూపలేరు. తీగ తెగినా, స్తంభం వంగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా "తగు చర్య తీసుకొనబడును" అని ఉత్తరం వచ్చేది. జనం కొన్నాళ్ళు ఆ 'బడును' కోసం ఎదురుచూసి మళ్ళీ రాసేవారు. మళ్ళీ 'బడును' వచ్చేది. ఇచ్చిన మాట జరక్కపోతే పుచ్చుకున్నవాడికి కోపం, ఇచ్చినవాడికి చిన్నతనం. ఈ చిన్నతనంలోంచి ఆఫీసుని ఎలా గట్టెక్కించాలా అని డివిజనల్ ఇంజనీరు పసుమర్తి చిదంబరం గారు చాలాకాలం మథనపడ్డారు. పనులు చేసేస్తే సరిపోతుంది గదా అని ఆయనకు తట్టకపోలేదు. కాని అది ఇంజనీరింగు పరిష్కారం. ఆయనకు కావలసింది పరిపాలనా పరిష్కారం.

అది ఆయనకు ఫ్రాన్సులో దొరికింది. భూమిలోపల కేబుళ్ళు ఎలా వేస్తారో చూసి రమ్మని సంస్థ ఆయన్ని పంపించింది. దిగిన రోజే హోటలు లిఫ్టులో ఇరుక్కుపోయారు. తలుపు తెరుచుకునేసరికి చెమటలు కారుతూ, తెలుగులో తనకు తెలిసిన తిట్లన్నీ నాలుక చివర పెట్టుకుని బయటికొచ్చారు. కౌంటరు దగ్గరున్న కుర్రవాడు గుండెమీద చెయ్యి వేసుకుని మెత్తగా ఒక వాక్యం అన్నాడు. "మాకు తెలిసి ఉంటే, తమకు ముందే చెప్పి ఉండేవాళ్ళం" అని వెంటవచ్చిన దుబాసీ తర్జుమా చేశాడు. చిదంబరం గారి కోపం ఎక్కడిదక్కడ చల్లారిపోయింది. పైగా కుర్రవాడికి థాంక్స్ చెప్పి, మెట్లమీదుగా గదికి వెళ్ళారు. లిఫ్టు మాత్రం ఆయన తిరిగొచ్చేదాకా బాగుపడలేదు.

ఆ పర్యటనలో ఆయన కేబుళ్ళు చూశారో లేదో గానీ, ఆ వాక్యాన్ని మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు. రాగానే సిబ్బందిని సమావేశపరిచారు.

"అభివృద్ధి చెందిన దేశానికీ మనకీ తేడా ఎక్కడుందయ్యా అంటే, వైర్లలో లేదు. కాలంలో ఉంది," అన్నారు. "మనం భవిష్యత్కాలంలో రాసి చెడ్డాం. వాళ్ళు ఒక ప్రత్యేకమైన కాలం వాడతారు. అందులో పని అవసరమేనని ఒప్పుకోవడం ఉంది, చెయ్యాలనే సంకల్పం ఉంది, చెయ్యలేకపోయినందుకు విచారం ఉంది. తేదీ మాత్రం లేదు. ఆ వాక్యం విన్నవాడు ఇక ఎదురుచూడడు. కావున ఇకమీదట జవాబులన్నీ ఆ కాలంలోనే ఇవ్వబడవలెను."

తెలుగులో రాస్తే సరిపోదా అని ఒకరు గొణిగారు. సరిపోదన్నారు. "చేసేవాళ్ళమే" అని తెలుగులో అంటే కుళాయి దగ్గర తగువులా ఉంటుందట. ఇంగ్లీషులో అంటే ప్లీడరు దగ్గరికి పోతారట. ఫ్రెంచిలో ఉంటే జనం చేతులు కట్టుకుని వింటారట. పైన ఫ్రెంచి వాక్యం, కింద తెలుగు భావం. పథకానికి 'గత సంభావ్య ప్రత్యుత్తర పథకం' అని పేరు పెట్టి రాజధానికి రాశారు. రాజధానిలో ఇంకెవరూ ఇలాంటిది రాసి ఉండకపోవడంచేత వెంటనే మంజూరైంది. ఇక కావలసింది ఫ్రెంచి చెప్పే మనిషి.

ఊళ్ళో ఫ్రెంచి చెప్పే మనిషి ఒక్కతే ఉంది, ఇందుమతి. ప్రభుత్వ కళాశాలలో లెక్చరరు. ఆమె క్లాసులో ముగ్గురు పిల్లలు. వాళ్ళలో ఇద్దరు హిందీలో చోటు దొరక్క వచ్చినవాళ్ళు. చదువంటే ప్రాణం, తప్పు వాక్యం కనబడితే భోజనం సయించదు. ఆమెకు లోకంలో ఉన్న ఒకే ఒక్క దిగులు, ఇంటి ముందు కరెంటు స్తంభం.

ఆ స్తంభం కిందటేటి తుఫానుకి వంగింది. వంగినదల్లా ఏ ఖాళీస్థలం వైపో వంగకుండా, సరిగ్గా ఇందుమతి వాళ్ళ పెంకుటింటి పడకగది వైపు వంగింది. వానపడ్డ ప్రతిసారీ మరికాస్త ఒరిగేది. ఆమె భర్త విశ్వనాథం గడియారాలు బాగుచేస్తాడు. నెమ్మదైన మనిషి, దేనికీ గొంతు పెంచడు. అర్జీ పెట్టినప్పుడల్లా, జవాబు వచ్చినప్పుడల్లా, ఆయన మంచాన్ని మాత్రం కాస్త కాస్త జరిపేవాడు. మంచం పడకగదిలోంచి హాల్లోకి వచ్చింది. హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

అందుచేత చిదంబరం గారు కబురుపెట్టినప్పుడు ఇందుమతి పొంగిపోయింది. "రోజూ ఆఫీసులోనే ఉంటానండీ. నా కళ్ళెదుటే ఉంటారు అందరూ. మన స్తంభం పని చిటికెలో అయిపోతుంది," అంది భర్తతో.

"అయితే మంచాన్ని ఇక్కడే ఉంచనా?" అన్నాడు విశ్వనాథం.

క్లాసు ఆఫీసు స్టోరుగదిలో పెట్టారు. పాత మీటర్ల మధ్య బెంచీలు వేశారు. ముందు వరసలో చిదంబరం గారు, వెనక ఇంజనీర్లు, గుమాస్తాలు, చివర గోడకానుకుని లైన్‌మెన్లు. ఇందుమతి బోర్డుమీద రాసి వివరంగా చెప్పింది. ఈ కాలానికి రెండు ముక్కలు కావాలి. ముందు తోడుక్రియ, దాని వెనక ముగిసిపోయిన క్రియ. 'జోరె ఫే' అంటే 'నేను చేసి ఉండేవాణ్ణి'. దీనికి ముందో వెనకో 'ఒకవేళ' అని ఒక ముక్క ఉంటుంది, పని ఎందుకు జరగలేదో అందులో చెప్పాలి. చాలా క్రియలకు తోడుగా 'అవ్వార్' వస్తుంది. వెళ్ళడం, రావడం, ఎక్కడం, దిగడం, పడడం, చచ్చిపోవడం లాంటి కొన్నింటికి మాత్రం 'ఎత్ర్' వస్తుంది.

ఇక్కడ మొదటి పేచీ వచ్చింది. లైన్‌మన్ నూకరాజు లేచి నిలబడ్డాడు. "ఆయ్, మేడంగారండీ. ఎక్కేదీ దిగేదీ మేమే, పడేదీ మేమే, చచ్చేదీ మేమేనండి. అయితే ఆ రెండోది మాకేనాండి?" అన్నాడు.

క్రియలకే గాని మనుషులకు కాదని ఇందుమతి చెప్పబోయింది. అప్పటికే ఆలస్యమైంది. లైన్‌మెన్లకు వేరే తోడుక్రియ ఇచ్చి గుమాస్తాలకు ఇవ్వకపోవడం అన్యాయమని గుమాస్తాల సంఘం అర్జీ పెట్టింది. అది మా హక్కని లైన్‌మెన్ల సంఘం నల్లబ్యాడ్జీలు పెట్టుకుంది. చిదంబరం గారు ఉభయులనీ పిలిచి రాజీ కుదిర్చారు. కుర్చీలో ఉన్నంతసేపు అవ్వార్, స్తంభంమీద ఉన్నంతసేపు ఎత్ర్.

రెండో పేచీ 'ఒకవేళ' దగ్గర. "ఒకవేళ మునిసిపాలిటీవారు కొమ్మలు కొట్టి ఉంటే" అని ఒక ఇంజనీరు రాస్తే మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. "ఒకవేళ పై ఆఫీసునుంచి సామాను వచ్చి ఉంటే" అని ఇంకొకరు రాస్తే పై ఆఫీసునుంచి అంతకంటె పెద్ద నోటీసు వచ్చింది. అప్పుడు చిదంబరం గారు 'ఒకవేళ విభాగం' అని ఒకటి ఏర్పాటుచేసి, ఎవరికీ తగలని 'ఒకవేళ'లు తయారుచేయించారు. తుఫాను ఒకటి, కోతులు ఒకటి, అన్నిటికంటె శ్రేష్ఠమైనది ఫిర్యాదుదారు. తుఫానుకి కోపం రాదు, కోతి నోటీసు ఇవ్వదు. ఫిర్యాదుదారుకి రెండూ చేతనైనా, ఫ్రెంచి రాదు గనక ఫరవాలేదు.

ఇందుమతికి ఇదంతా కాస్త విడ్డూరంగానే ఉంది. కాని చూస్తూండగానే వాళ్ళు నేర్చుకుంటున్నారు. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న కాలం ఇక్కడ పెద్దవాళ్ళు బల్లగుద్ది వల్లె వేస్తున్నారు. స్తంభం సంగతి అడుగుదామని రోజూ అనుకునేది. క్లాసు బాగా జరిగిన రోజు అడగబుద్ధయ్యేది కాదు, బాగా జరగని రోజు మొహం చెల్లేది కాదు.

పథకం కింద మొట్టమొదటి ఉత్తరం వెలువడింది. అది ఇందుమతి ఇంటికే వచ్చింది. మంచి కాగితం, అంచుకి బంగారు గీత. 'నూ లోరియోఁ రెద్రెసే' అని మొదలైంది. కింద తెలుగు భావం: "ఒకవేళ స్తంభం వంగకముందే తాము మాకు తెలియజేసి ఉంటే, మేము దానిని నిలబెట్టి ఉండేవాళ్ళం."

విశ్వనాథం రెండుసార్లు చదివాడు. "వంగకముందే ఎలా చెబుతాం ఇందూ, వంగుతుందని?"

ఆమె వినలేదు. ఎర్రకలం తీసుకుని ఫ్రెంచి వాక్యంలో ఒకచోట సున్నా చుట్టింది. "ఒకవేళ వెనక ఈ రూపం రాకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అయినా మొదటి ప్రయత్నానికి చాలా నయమండీ," అని పక్కన పదికి ఎనిమిది వేసి, "బాగుంది, ఇంకా కృషి చేయాలి" అని రాసి, మర్నాడు తిరిగి ఇచ్చేసింది. ఆఫీసంతా పండగ చేసుకుంది. చిదంబరం గారు ఆ ఉత్తరానికి అద్దాల ఫ్రేము కట్టించి గదిలో పెట్టుకున్నారు. ఆ రోజునుంచి ఉత్తరాలన్నీ దిద్దుబాటుకి ఆమె దగ్గరికే వచ్చేవి. ఆమె ఒక్క తప్పు వదిలేది కాదు.

మంచం వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత వానలు మొదలయ్యాయి. ఒకరోజు తెల్లవారుజామున పెంకులమీద టకటకమని చప్పుడైతే ఇద్దరూ లేచి బయటికొచ్చారు. స్తంభం తల చూరుకి బెత్తెడు దూరంలో ఉంది. గాలికి తీగ వచ్చి పెంకుని కొడుతోంది. విశ్వనాథం మంచాన్ని పక్కింటివాళ్ళ అరుగుమీదికి మోసుకుపోయాడు. సొంత ఇల్లుండగా పరాయి అరుగుమీద దుప్పటి కప్పుకున్న మొగుణ్ణి చూసి ఇందుమతికి మొదటిసారి ఏడుపొచ్చింది. పదికి ఎనిమిది వేసిన చెయ్యి తనదేనని గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది.

ఆ సంగతి ఎవరు చెప్పారో, ఆదివారం నూకరాజు తాళ్ళూ గునపాలూ పట్టుకుని వచ్చాడు. వీధిలో మగవాళ్ళు నలుగురు తోడుపట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళకి స్తంభం నిటారుగా నిలబడింది, మొదలు చుట్టూ రాళ్ళు కూరి సిమెంటు పోశారు.

"ఎవరికీ చెప్పకండమ్మగారండీ. నన్నెవరూ రమ్మన్లేదండి, నా అంతట నేనే వచ్చానండి," అన్నాడు నూకరాజు చేతులు కడుక్కుంటూ. ఆ పూట మంచం పడకగదికి తిరిగొచ్చింది.

సోమవారం ఆఫీసులో కాలుపెట్టగానే చిదంబరం గారు పిలిపించారు. నూకరాజు అప్పటికే అక్కడ తలవంచుకుని నిలబడి ఉన్నాడు. ఫ్రేములో ఉత్తరం బల్లమీద ఉంది.

"మేడం, ఇదేమిటో మీరే చదవండి," అన్నారాయన. మొహం పాలిపోయి ఉంది. "నిలబెట్టి ఉండేవాళ్ళం. దీని అర్థం ఏమని మీరు చెప్పారు?"

"పని జరగలేదని అర్థమండీ."

"జరగలేదు. మరి ఇతను జరిపించేశాడు. ఇప్పుడీ ఉత్తరం ఏమైంది?"

ఇందుమతి ఫ్రేముని దగ్గరికి లాక్కుని వాక్యం మళ్ళీ చదివింది.

"అబద్ధమైంది," అన్నారు చిదంబరం గారు. "నా సంతకంతో, సంస్థ ముద్రతో, ప్రజలకు అబద్ధం వెళ్ళింది. ఉత్తరం నిజంగా ఉండాలంటే పని జరక్కూడదు. ఈ చిన్న విషయం ఇన్నాళ్ళూ మనకి స్ఫురించలేదు. ఇవాళ సర్క్యులర్ ఇస్తున్నాను. జరిగి ఉండేదని సంస్థ తెలియజేసిన ఏ పనినైనను జరిపించుట, జరుపుటకు ప్రోత్సహించుట, రికార్డులను అసత్యపరచిన నేరముగా పరిగణింపబడును. అసలే శుక్రవారం చీఫ్ ఇంజనీరు గారు వస్తున్నారు, పథకం చూడ్డానికి. మొట్టమొదటి ఉత్తరం, దానికి సంబంధించిన స్తంభం, రెండూ పక్కపక్కన చూపిస్తానని రాశాను. నిటారుగా ఉన్న స్తంభాన్ని ఏ మొహం పెట్టుకుని చూపించను?"

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"యథాస్థితికి తేవాలి."

పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు గాని, ఇక్కడ పిల్లి కూడా నిజంగానే కుమిలిపోతోంది. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే వీధిలోకి మూడు బళ్ళు వచ్చాయి. ఒకదానిమీద క్రేను. ఇంజనీర్లు టోపీలు పెట్టుకుని దిగారు. ఎర్రజెండాలు పాతారు, రోడ్డుకి అడ్డంగా తాడు కట్టారు, కరెంటు ఆపారు, ఆపుతున్నామని మైకులో ఇంటింటికీ చెప్పారు. స్తంభం నిలబెట్టమని ఏడాదిగా తిరిగితే ఒక్క మనిషి రాని ఆఫీసు, దాన్ని వంచడానికి ఇంత ముచ్చటగా పనిచెయ్యడం చూసి వీధివాళ్ళు నోళ్ళు తెరిచారు. పనొచ్చు వీళ్ళకి, పని బాగానే వచ్చు, అనుకుంది ఇందుమతి. ఆ సంగతి తెలియడమే ఆమెకు అన్నిటికంటె బాధగా ఉంది.

చిదంబరం గారు స్వయంగా వచ్చారు. స్తంభాన్ని కిందినుంచి పైకి చూశారు. చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత కాస్త తటపటాయించి, గొంతు తగ్గించి అడిగారు.

"మేడం, ఇంతకుముందు ఎటువైపు వంగి ఉండేది?"

ఇందుమతి ఆయన మొహంలోకి చూసింది. ఉత్తరం రాసినవాడు, 'ఒకవేళ' తయారుచేసినవాడు, ఫ్రేము కట్టించినవాడు, ఎవడూ ఒక్కసారి కూడా ఈ వీధికి రాలేదని అప్పుడు అర్థమైంది. ఆమె జన్మలో అబద్ధం ఆడని మనిషి. తడుముకోకుండా చెప్పింది.

"రోడ్డువైపండీ. సరిగ్గా నడిమధ్యకి."

చిదంబరం గారు నూకరాజు వైపు చూశారు. నూకరాజు ఆమెవైపు చూశాడు, ఇంటి చూరువైపు చూశాడు.

"ఆయ్, రోడ్డువైపేనండి," అన్నాడు.

శుక్రవారం చీఫ్ ఇంజనీరు గారు వచ్చారు. వీధి మొదట్లో కారు దిగి, మేళతాళాలతో నడిచొచ్చారు. రోడ్డు మధ్యలో ఎర్రతివాచీ, దానిమీద మైకు, పక్కన బల్లమీద ఫ్రేము కట్టిన ఉత్తరం. వీటన్నిటికీ నడినెత్తిన, చెయ్యెత్తితే అందేంత దగ్గరలో, తీగలు వేలాడేసుకుని స్తంభం. చీఫ్ ఇంజనీరు గారు తివాచీ అంచున ఆగిపోయారు.

"ఇక్కడా నేను నిలబడాల్సింది?" అన్నారు.

"చిత్తం. ఒరిజినల్ స్తంభమేనండి. ఏమీ మార్పు చేయలేదు," అన్నారు చిదంబరం గారు గర్వంగా.

"ముందు దాన్ని నిలబెట్టండి."

చిదంబరం గారు ఉత్తరంవైపు చూపించారు. "అయ్యా, పథకం ప్రకారం దీనిని..."

"నిలబెట్టండయ్యా. నా నెత్తిన పడితే ఏ కాలంలో రాస్తారు?"

పెద్దాయన నోటిమాటకు వ్యాకరణం వర్తించదు. క్రేను పక్కవీధిలోనే ఉంది. సన్నాయివాళ్ళు ఒక కీర్తన వాయించేలోపు స్తంభం నిలబడింది, సిమెంటు పడింది. చీఫ్ ఇంజనీరు గారు దానికింద నిశ్చింతగా నిలబడి ఫోటో తీయించుకున్నారు. ప్రజలకు గౌరవప్రదంగా సమాధానం చెప్పే ఈ పథకాన్ని రాష్ట్రమంతా విస్తరిస్తామని మైకులో ప్రకటించారు. ఏ పనులు జరగలేదో అడగనూ లేదు, ఎవరూ చెప్పనూ లేదు.

అందరూ వెళ్ళాక చిదంబరం గారు తివాచీ చుట్టిస్తూంటే ఇందుమతి దగ్గరికి వెళ్ళింది.

"సార్, స్తంభం నిలబెట్టినట్టు మాకొక ఉత్తరం ఇప్పిస్తారా? మళ్ళీ ఎవరైనా వంచడానికి వస్తే చూపించుకుంటాం."

ఆయన ఆమెను జాలిగా చూశారు. ఇన్నాళ్ళూ పాఠం చెప్పిన మనిషికి ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

"ఉత్తరాలు చెయ్యని పనులకి, మేడం. చేసిన పనికి ఉత్తరం దేనికి?"

ఆ రాత్రి విశ్వనాథం పడకగదిలో హాయిగా గురకపెట్టి నిద్రపోయాడు. ఇందుమతికి నిద్ర పట్టలేదు. తను దిద్దిన ఉత్తరాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చేపల బజారులో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్. సాలెపేటలో మగ్గాలమీదికి జారిన తీగ. బడి పక్కన మూతలేని కరెంటు పెట్టె. దేనికి ఎన్ని మార్కులు వేసిందో కూడా గుర్తుంది. ఒక్కొక్క ఉత్తరం వెనక ఎవరో ఒకరు మంచం జరుపుకుంటూ ఉండి ఉంటారు. తను మార్కులు వేయడంకంటె వాళ్ళు సంతకం పెట్టడం పెద్ద తప్పేం కాదనిపించి, సిగ్గుతో దుప్పటి మొహంమీదికి లాక్కుంది.

సోమవారం క్లాసులో ఆమె బోర్డుమీద ఏమీ రాయలేదు.

"రాత అయిపోయిందండీ. మీకందరికీ బాగా వచ్చింది," అంది. "ఇక అభ్యాసం. భాష నాలుగు గోడలమధ్య నిలవదు. రేపటినుంచి క్లాసు ఫిర్యాదు ఉన్న చోటనే పెడుతున్నాను. దేని గురించి ఉత్తరం రాశామో దాని ముందు కూర్చుని, దాన్ని చూస్తూ ఆ ఉత్తరం గట్టిగా చదవాలి. పథకం రాష్ట్రమంతా వెళ్తోంది గనక మనం ఆదర్శంగా ఉండాలి గదా. డి.ఇ. గారు ఎప్పటిలాగే ముందు వరసలో."

చిదంబరం గారు మెచ్చుకోలుగా తలూపారు. "దివ్యమైన ఆలోచన. రేపు ఎక్కడ?"

"చేపల బజారులో. ట్రాన్స్‌ఫార్మర్ కింద చాపలు పరుద్దామండీ."

వెనకనుంచి ఒక ఇంజనీరు మెల్లిగా అన్నాడు. "మేడం, అక్కడ వైర్లు భుజాల దాకా వేలాడుతున్నాయండి. నూనె కూడా కారుతోంది. మనుషులు కూర్చునే చోటు కాదండి అది."

"తెలుసండీ. ఆ ఉత్తరానికే మీరు పదికి తొమ్మిది తెచ్చుకున్నారు," అంది ఇందుమతి.

చిదంబరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. రాష్ట్రానికి ఆదర్శం కాకుండా పోవడం ఎలాగో ఆయనకు తోచలేదు. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా, "నూకరాజూ, క్రేను ఎక్కడుంది?" అన్నారు.

మర్నాడు పొద్దున చేపల బజారులో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కింద, బిగించి కట్టిన తీగల కింద, చాపలమీద కూర్చుని కరెంటాఫీసువాళ్ళంతా ముక్తకంఠంతో, ట్రాన్స్‌ఫార్మరు మార్చి ఉండేవాళ్ళమని ఫ్రెంచిలో చదివారు. చేపలమ్ముకునే ఆడవాళ్ళు తట్టలు దించుకుని వింతగా చూశారు. చేపలు కొనడానికొచ్చిన ఒక ముసలామె మాత్రం పాఠం అయిపోయేదాకా అక్కడే నిలబడి, చాపలు ఎత్తుతున్న ఇందుమతి దగ్గరికొచ్చి కొంగు సర్దుకుంది.

"అమ్మాయిగారండీ, మా సాలెపేటలో ఎప్పుడు పెడతారండి ఈ చదువు?"